మిగిలిన కార్డుల ఖరీదు: అమెరికా బేస్‌బాల్ కార్డుల గతం

అమెరికాలో పందొమ్మిదో శతాబ్దం చివరి దశకాల్లో సిగరెట్ పెట్టెలలోనూ, ఆ తరువాత మిఠాయి, బబుల్ గమ్ పొట్లాలలోనూ సరుకుతో పాటు ఊరకే వేసి ఇచ్చిన చిన్న అట్టముక్కలను బేస్‌బాల్ కార్డులంటారు. వీటికి ఒక పక్క ఆటగాడి బొమ్మ, రెండో పక్క సరుకు ప్రకటన గాని, ఆటగాడి పుట్టుపూర్వోత్తరాలు, అతడు సాధించిన పరుగుల లెక్కలు గాని అచ్చై ఉండేవి. కొన్నవాడికి వీటికోసం విడిగా ఖర్చు లేదు. అమ్మినవాడి దృష్టిలో ఇవి మరో పెట్టె అమ్ముడుపోవడానికి వేసిన ఎర. అలాంటి అట్టముక్కల్లో ఒకటి, 1952లో టాప్స్ అనే గమ్ కంపెనీ అచ్చువేసిన మిక్కీ మాంటిల్ కార్డు, 2022 ఆగస్టు వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడై, అప్పటిదాకా ఏ క్రీడాస్మారక వస్తువూ పలకని ధర పలికింది.

ఇంత ధరకు పాతదనమే కారణమని తోచవచ్చు గాని, ఆ కార్డుకంటే నలభై ఏళ్లు ముందు అచ్చయి, ఇవాళ వంద డాలర్ల లోపే దొరికే కార్డులు కూడా ఉన్నాయి. అరుదుదనమే కారణమనడానికీ వీలు లేదు. మాంటిల్ కార్డు తనతో పాటు ఒకే విడతలో వచ్చిన చాలా కార్డులకంటే రెట్టింపు సంఖ్యలో అచ్చయింది. ఆటగాడి గొప్పదనం సగం సమాధానమే. ఈ అట్టముక్కలకు విలువ ఎలా వచ్చిందో తెలియాలంటే వాటిని అచ్చువేసిన వ్యాపారుల లెక్కలు, వాటితో ఆడుకుని పాడుచేసిన పిల్లలు, జాబితాలు కట్టిన ఔత్సాహికులు, ధరల పట్టికలు వేసిన పత్రికలు, చివరికి కార్డు మూలలను పరీక్షించి అంకె వేసే సంస్థలు, ఇన్ని చేతుల మీదుగా అవి వచ్చిన దారిని చూడాలి. ఆ దారి పొడుగునా ఒక విషయం పదేపదే కనిపిస్తుంది: దాచుకోవాలని పెద్దగా ఎవరికీ తోచని కాలపు కార్డులకు విలువ వచ్చింది గాని, దాచుకుంటే విలువ వస్తుందని అందరూ నమ్మిన కాలపు కార్డులకు రాలేదు.

బేస్‌బాల్ జట్టుకు తొమ్మిదిమంది చొప్పున ఆడే బంతీ బ్యాటు ఆట. 1869లో సిన్సినాటీ రెడ్ స్టాకింగ్స్ జట్టు తన ఆటగాళ్లందరికీ బాహాటంగా జీతాలిచ్చి ఆడించడంతో అది వృత్తిగా మారింది. ఆ జట్టు ఫొటోనే ఒక అట్టకు అతికించి, వెనక తమ దుకాణం ప్రకటన వేసుకుని న్యూయార్క్‌లోని పెక్ అండ్ స్నైడర్ అనే ఆటసామాన్ల వ్యాపారులు పంచిపెట్టారు. బేస్‌బాల్ కార్డులకు మొదటి నమూనాగా చాలామంది చరిత్రకారులు దానినే చూపిస్తారు. అయితే కార్డు ఒక అలవాటుగా స్థిరపడడానికి కారణం ఆట కాదు, సిగరెట్టు.

అప్పట్లో సిగరెట్లను చేత్తో చుట్టి, పల్చని కాగితపు పొట్లాలలో అమ్మేవారు. పొట్లం నలిగి సిగరెట్లు విరిగిపోకుండా లోపల ఒక గట్టి అట్టముక్క పెట్టడం వాడుక. 1881లో జేమ్స్ బాన్సాక్ పేటెంటు పొందిన చుట్టే యంత్రం పది గంటల పనిదినంలో లక్షకు పైగా సిగరెట్లు తయారుచేయగలిగేది. నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో జేమ్స్ డ్యూక్ దానిని తన కార్ఖానాలో ప్రవేశపెట్టాక సరుకు కుప్పలుగా పెరిగింది, కొనేవారిని వెతుక్కోవలసిన అవసరమూ పెరిగింది. ఎటూ పెట్టక తప్పని ఆ అట్టముక్క మీదనే నటీమణులు, రాజులు, పక్షులు, జెండాలు, మల్లయోధులు, బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు వరుస నంబర్లతో వేస్తే, ఒకటి దొరికినవాడు మిగతావాటి కోసం అదే రకం మళ్లీ కొంటాడన్నది వ్యాపారుల ఊహ. వర్జీనియాలోని రిచ్‌మండ్‌కు చెందిన ఆలెన్ అండ్ గింటర్ కంపెనీ 1887లో ప్రపంచ విజేతల పేరుతో వేసిన 50 రంగుల కార్డుల్లో పదిమంది బేస్‌బాల్ ఆటగాళ్లకు చోటు దొరికింది.

అదే కాలంలో న్యూయార్క్‌కు చెందిన గుడ్విన్ కంపెనీ ‘ఓల్డ్ జడ్జ్’ సిగరెట్లతో ఇచ్చిన కార్డులు మరీ విశేషమైనవి. ఇవి అచ్చు బొమ్మలు కావు, అట్టకు అతికించిన అసలు ఫొటోలు. ఐదువందలకు పైగా ఆటగాళ్లను స్టూడియోకు రప్పించి, గీసిన తెర ముందు నిలబెట్టి తీసిన చిత్రాలవి. నాటి కెమెరాకు వేగంగా కదిలే వస్తువును పట్టే శక్తి లేదు కనుక, గాలిలో ఎగురుతున్నట్టు కనిపించాల్సిన బంతిని పైకప్పు నుంచి దారంతో వేలాడదీసి, ఆటగాడిని దానివైపు చేతులు చాచి కదలకుండా ఉండమనేవారు. కొన్ని కార్డుల్లో ఆ దారం ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. ఆట చరిత్రకు ఇవి చెప్పే సంగతులు కొద్దే గాని, ఫొటోగ్రఫీ చరిత్రకు మాత్రం చాలా చెబుతాయి.

సిగరెట్ కంపెనీల మధ్య ఈ పోటీని అంతం చేసినవాడూ డ్యూకే. 1890లో అతడు తన కంపెనీతో పాటు ఆలెన్ అండ్ గింటర్, గుడ్విన్, కిన్నీ, కింబల్ కంపెనీలను కలిపి అమెరికన్ టొబాకో కంపెనీని నెలకొల్పాడు. పోటీదారులను ఒక్క గొడుగు కిందికి తెచ్చి ధరను తామే నిర్ణయించే ఇలాంటి సమ్మేళనాన్ని ఆనాడు ట్రస్టు అనేవారు. దేశంలోని సిగరెట్లలో దాదాపు తొంభై శాతం ఒక్కరి చేతిలోకి వచ్చాక ఎర వేయవలసిన పని లేకపోయింది, కార్డులూ క్రమంగా కనుమరుగయ్యాయి. ఈ కంపెనీ పేరు తెలుగు నేలకు పూర్తిగా పరాయిది కూడా కాదు: 1902లో అది ఇంగ్లండుకు చెందిన ఇంపీరియల్ టొబాకోతో కలిసి స్థాపించిన బ్రిటిష్ అమెరికన్ టొబాకో వంశంలోనిదే, తరువాతి కాలంలో గుంటూరు, చీరాల ప్రాంతాల వర్జీనియా పొగాకు రైతులకు చిరపరిచితమైన ఐఎల్‌టీడీ కంపెనీ.

1909లో అమెరికన్ టొబాకో మళ్లీ కార్డులు మొదలుపెట్టి, 1911 వరకు విడుదల చేసిన వరుసను సేకర్తలు ‘టీ-206’ అంటారు. సుమారు ఒకటిన్నర అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాలకు కొంచెం మించిన ఎత్తుతో, తెల్లని అంచు లోపల రాతి అచ్చు పద్ధతిలో, అంటే రంగుకొక్క రాతిఫలకం చొప్పున ఒకదానిమీద ఒకటి అద్దే లితోగ్రఫీ పద్ధతిలో, ముద్రించిన ఈ కార్డుల్లో 524 రకాలున్నాయి. వీటి వెనక పీడ్‌మాంట్, స్వీట్ కాపొరల్ వంటి పదహారు సిగరెట్ రకాల ప్రకటనలున్నాయి. ఇంత పెద్ద వరుసలో అచ్చుతప్పులు తప్పవు. షెర్రీ మగీ అనే ఆటగాడి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడి, కొద్దికాలంలోనే దిద్దుబాటు జరిగింది. దిద్దకముందు బయటికి వెళ్లిన కొద్దిపాటి కార్డులు ఇవాళ దిద్దినవాటికంటే ఎన్నో రెట్లు ఖరీదు. జో డాయిల్ కార్డు మీద అతడి జట్టు ఏ లీగుదో తప్పుగా పడిన ప్రతులైతే వేళ్లమీద లెక్కపెట్టదగినన్నే మిగిలాయి. ముద్రణాలయంలో జరిగిన పొరపాటుకు సంపాదకుడు సిగ్గుపడితే, వందేళ్ల తరువాతి సేకర్త దానికే డబ్బిస్తాడు.

ఈ వరుసలో అన్నిటికంటే పేరు మోసినది హోనస్ వాగ్నర్ కార్డు. అతడు పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టులో షార్ట్‌స్టాప్, అంటే రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే రక్షకుడు, ఆ కాలపు ఆటగాళ్లలో అగ్రశ్రేణివాడు. అతడి కార్డు ముద్రణ మొదలైన కొద్దికాలానికే ఆగిపోయింది. ఇవాళ లోకానికి తెలిసిన ప్రతులు 60 దరిదాపుల్లోనే ఉన్నాయి. ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు ప్రచారంలో ఉన్న జవాబు, పసిపిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనడం అతడికి నచ్చలేదన్నది. మరికొందరు, కంపెనీ తనకు తగిన డబ్బివ్వలేదని అతడు అలిగాడంటారు. 1912లో ఒక క్రీడాపత్రిక రాసిన వార్త ప్రకారం, వాగ్నర్ అనుమతి సంపాదిస్తే పది డాలర్లిస్తామని కంపెనీ జాన్ గ్రూబర్ అనే విలేకరికి ఆశ చూపింది; వాగ్నర్ అనుమతి నిరాకరించి, గ్రూబర్‌కు నష్టం రాకూడదని ఆ పది డాలర్ల చెక్కు తానే పంపాడు. ఈ వార్త డబ్బు కోసం అలిగాడన్న వాదాన్ని బలహీనపరుస్తుంది గాని, అతడిని పొగాకు వ్యతిరేకిగా నిలబెట్టడానికి కూడా చాలదు. వాగ్నర్ పొగాకు నమిలేవాడు. లీఫ్ అనే గమ్ కంపెనీ 1940ల చివర వేసిన కార్డులో వృద్ధుడైన వాగ్నర్ పొగాకును నోట్లో కుక్కుకుంటున్న బొమ్మే ఉంది, అదీ పిల్లలు కొనే గమ్ పొట్లంలో. ఏదేమైనా, ఒక మనిషి తన బొమ్మను సరుకుతో అమ్మనివ్వనని చెప్పగలగడం ఆ కాలానికి కొత్త. దానికి చట్టం అండ దొరకడానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

1911 మే నెలలో సుప్రీంకోర్టు గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద అమెరికన్ టొబాకోను విడగొట్టమని తీర్పునిచ్చింది. ఆ తరువాత కార్డు క్రమంగా పొగరాయుళ్ల చేతుల్లోంచి పిల్లల చేతుల్లోకి మారింది. క్రాకర్ జాక్ అనే బెల్లంపాకం పట్టిన మొక్కజొన్న పేలాల కంపెనీ 1914లో 144 కార్డులను పొట్లాల్లోనే వేసి ఇచ్చింది. పాకం అంటి వాటిలో చాలాభాగం మరకలు పడ్డాయి. 1915లో ఆ సంఖ్యను 176కు పెంచి, వంద కూపన్లు పంపినవారికి గాని, ఒక కూపనుతో పాతిక సెంట్లు పంపినవారికి గాని మొత్తం వరుసను తపాలాలో పంపింది. బొమ్మలు చాలామటుకు అవే, కాగితం అదే రకం. అయినా మచ్చలేని 1914 కార్డు దొరకడం కష్టం, దొరికితే 1915 కార్డుకంటే దాని ధర చాలా ఎక్కువ. ఎంత అచ్చయిందన్నదాని కంటే ఎంత బాగా మిగిలిందన్నదే ధరను నడిపిస్తుందనడానికి ఇంతకన్న తేటయిన ఉదాహరణ లేదు.

బబుల్ గమ్ కంపెనీలు 1930లలో రంగంలోకి దిగాయి. బోస్టన్‌కు చెందిన గౌడీ కంపెనీ 1933లో 240 కార్డుల వరుస ప్రకటించింది. అందులో బేబ్ రూత్ అనే మహా ఆటగాడికి నాలుగు కార్డులిచ్చి, 106వ నంబరు కార్డును మాత్రం అసలు అచ్చువేయలేదు. ఆ ఒక్కదానికోసం పిల్లలు గమ్ కొంటూనే ఉండాలన్నది పన్నాగం. దొరకలేదని ఉత్తరాలు రాసిన పట్టుదలగలవారికి మరుసటి సంవత్సరం, ఎప్పుడో ఆట విరమించిన నాప్ లాజోయి బొమ్మతో ఆ కార్డు తపాలాలో పంపింది. మోసాన్ని కప్పిపుచ్చుకోవడానికి అచ్చువేసిన ఆ కార్డే ఇవాళ ఆ వరుసలోకెల్లా అరుదైనది.

వ్యాపారులు ఈ కార్డులను మరిచిపోతుంటే వాటిని లెక్కలోకి తెచ్చినవాడు న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌కు చెందిన జెఫర్సన్ బర్డిక్. 1900లో పుట్టిన ఈ మనిషి ఎలక్ట్రికల్ సామాన్ల కార్ఖానాలో విడిభాగాలు కూర్చే కార్మికుడు, అవివాహితుడు, వయసులో ఉండగానే కీళ్లవాతం పట్టి వేళ్లు వంకర్లు పోయినవాడు. అతడు బేస్‌బాల్ పిచ్చివాడేమీ కాదు. వ్యాపార ప్రకటన కార్డులు, పోస్టు కార్డులు, శుభాకాంక్షల పత్రాలు, సిగార్ పట్టీలు, ఏ కాగితమైనా సామాన్య జనజీవితానికి ఆనవాలని నమ్మి సేకరించాడు. 1939లో అతడు ప్రచురించిన జాబితా, తరువాతి కూర్పుల్లో ‘అమెరికన్ కార్డ్ కేటలాగ్’గా పెరిగి, అప్పటిదాకా పేరూ ఊరూ లేని వేలాది వరుసలకు గుర్తులిచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు పొగాకు కార్డులకు ‘ఎన్’, ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులకు ‘టీ’, తొలినాటి మిఠాయి కార్డులకు ‘ఈ’, తరువాతి గమ్ కార్డులకు ‘ఆర్’ అనే అక్షరాలను అతడే స్థిరపరిచాడు. టీ-206 అనే పేరు ఆ కేటలాగ్‌లోని వరుససంఖ్యే. చాలా కార్డులకు సెంట్లలో ధర కట్టిన ఆ పుస్తకం వాగ్నర్ కార్డుకు 50 డాలర్లు కట్టింది. అప్పటికి అది నవ్వు పుట్టించేంత పెద్ద మొత్తం.

బర్డిక్ చేసిన పని విలువను ఇక్కడ కొంత నిలిచి గుర్తించాలి. సేకరించేవాడికి తన దగ్గర ఏముందో తెలిస్తే చాలదు, ఇంకా ఏమి లేదో తెలియాలి; మొత్తం ఎన్ని ఉన్నాయో చెప్పే జాబితా లేనిదే లోటు తెలియదు, లోటు తెలియనిదే గిరాకీ పుట్టదు. వాగ్నర్ కార్డు దొరకదన్న సంగతి 524 రకాల పట్టిక ఒకటి తయారయ్యాకనే అర్థవంతమైంది. బర్డిక్ మాత్రం ఆ గిరాకీ వల్ల బాగుపడాలని చూడలేదు. 1940ల చివర తన మూడు లక్షలకు పైగా వస్తువులను న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ కళాసంగ్రహాలయానికి ఇచ్చివేయాలని నిశ్చయించి, ముద్రణచిత్రాల విభాగాధిపతి హయత్ మేయర్ ఒప్పుకున్న మీదట, ఏళ్లతరబడి అక్కడి బల్ల ముందు కూర్చుని, వంకరపోయిన వేళ్లతో ఒక్కొక్క కార్డునూ ఆల్బమ్ పుటల మీద జిగురుతో అతికించాడు. 1963 జనవరిలో ఆ పని ముగించి ఆస్పత్రిలో చేరాడు, మార్చిలో మరణించాడు. ఆ సేకరణలో బేస్‌బాల్ కార్డులు 30 వేలకు పైగా ఉన్నాయి, వాగ్నర్ కార్డు కూడా ఉంది. వెనక జిగురు పూసిన కార్డుకు నేటి మార్కెట్ లెక్క ప్రకారం అట్టడుగు స్థానమే దక్కుతుంది. ఈ వ్యాపకానికి తండ్రి అని అందరూ ఒప్పుకునే మనిషి తన కార్డులన్నిటినీ, సేకర్తల పరిభాషలో చెప్పాలంటే, తన చేతులతోనే ‘పాడుచేశాడు’. చరిత్రకారుడికి కావలసిన కార్డు, పెట్టుబడిదారుడికి కావలసిన కార్డు అప్పటికే వేరువేరని ఇంతకంటే సూటిగా ఏదీ చెప్పదు.

రెండో ప్రపంచయుద్ధపు కాగితం కొరత తీరాక బోమన్ కంపెనీ 1948లో కార్డులు మొదలుపెట్టింది. బ్రూక్లిన్‌లోని టాప్స్ 1951లో పోటీకి దిగింది. ఆటగాడి బొమ్మ వాడుకునే ఒప్పందం ఎవరితో జరిగిందన్న తగాదా కోర్టుకెక్కి, 1953లో ఫెడరల్ అప్పీలు కోర్టు న్యాయమూర్తి జెరోమ్ ఫ్రాంక్ ఇచ్చిన తీర్పులో, తన రూపానికున్న ప్రచారవిలువ మీద మనిషికి ఆస్తిహక్కులాంటి హక్కుందని తేల్చారు. నేడు సినిమా తారలు తమ బొమ్మ అనుమతి లేకుండా వాడుకున్నారని దావా వేసే ‘ప్రచార హక్కు’ అనే భావనకు ఈ గమ్ పొట్లాల వ్యాజ్యమే మూలం. 1956లో టాప్స్ బోమన్‌ను కొనేసి, పాతికేళ్ల పాటు దాదాపు ఏకచ్ఛత్రంగా ఏలింది.

టాప్స్‌కు పేరు తెచ్చినది 1952 వరుస. సై బెర్గర్ అనే యువ ఉద్యోగి వుడీ గెల్మన్‌తో కలిసి బ్రూక్లిన్‌లోని తన ఇంటి వంటగది బల్ల మీద దానికి రూపం ఇచ్చాడు. ముందువైపు పెద్ద రంగుల బొమ్మ, జట్టు చిహ్నం, ఆటగాడి సంతకం నకలు; వెనక చిన్న జీవితకథ, గత సంవత్సరపు అంకెలు, మొత్తం జీవితకాలపు అంకెలు. బేస్‌బాల్ అంకెల మీద బతికే ఆట. ప్రతి పిల్లవాడి జేబులోకి ఆ అంకెలు చేరడమే ఈ కార్డు సాధించిన విప్లవం. మొత్తం 407 కార్డులను విడతలు విడతలుగా విడుదల చేయగా, 311 నుంచి 407 వరకు ఉన్న చివరి విడత ఆట సీజను ముగిసే వేళకు అంగళ్లకు చేరింది. అప్పటికి పిల్లల మనసు ఫుట్‌బాల్ మీదికి మళ్లింది. దుకాణదారులు వద్దన్నారు, సరుకు గిడ్డంగిలో మిగిలిపోయింది. 1960లో, చోటు ఖాళీ చేయడానికి, వందల పెట్టెల కార్డులను పడవ మీద వేయించుకుని న్యూజెర్సీ తీరం దాటి అట్లాంటిక్‌లో పారబోయించానని బెర్గర్ తరువాత చెప్పాడు. ఈ కథకు ప్రధాన ఆధారం అతడి మాటే; అయినా చివరి విడత కార్డులు మిగతావాటికంటే చాలా తక్కువగా మిగిలాయన్నది మాత్రం కళ్లెదుటి సత్యం.

ఆ విడతలో మొదటిది 311వ నంబరు, న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు మిక్కీ మాంటిల్ కార్డు. దీనిని అతడి తొలి కార్డు అని చాలామంది పొరపడతారు. ఆటగాడు మొదటిసారి కనిపించే కార్డును ‘రూకీ కార్డు’ అంటారు, సాధారణంగా దానికే ఎక్కువ విలువ. మాంటిల్ రూకీ కార్డు 1951లో బోమన్ వేసింది. పైగా, వంద కార్డులు పట్టే ముద్రణ పలకలో చివరి విడత కార్డులు 97 మాత్రమే కావడంతో, మిగిలిన మూడు గళ్లు నింపడానికి మాంటిల్, జాకీ రాబిన్సన్, బాబీ థామ్సన్ కార్డులను రెండేసి సార్లు అచ్చువేశారని నిపుణులు తేల్చారు. అంటే సంఖ్య దృష్ట్యా అదే విడతలోని అనామక ఆటగాళ్ల కార్డులే ఇంకా అరుదు. అయినా 1950లలో పదేళ్ల వయసుండి, 1980లలో నలభై దాటి చేతిలో డబ్బు ఆడుతున్న ఒక తరానికి మాంటిల్ బాల్యపు ఆరాధ్యుడు. గిరాకీని నడిపించినది ఆ తరం జ్ఞాపకమే గాని లెక్కల్లోని కొరత కాదు.

మిగిలిన కార్డులు ఏ స్థితిలో మిగిలాయో కూడా ఆ పిల్లల చేతుల్లోనే నిర్ణయమైంది. మన దగ్గర ఒకప్పుడు సిగరెట్ పెట్టెల అట్టలతో వీధిలో పందెమాడినట్టే, అమెరికా పిల్లలు కార్డులను గోడకేసి విసిరి, దగ్గరగా పడినవాడు మిగతావి గెలుచుకునే ఆట ఆడేవారు. సైకిలు చక్రపు పుల్లల మధ్య బిగించి టకటక చప్పుడు చేయించుకునేవారు. నంబర్ల వరుసలో పేర్చి రబ్బరు బ్యాండు వేసేవారు. ఆ కట్టలో అన్నిటికంటే పైన ఉండేది ఒకటో నంబరు కనుక రబ్బరు కోత, ఎండ, చెమట దానికే తగిలేవి. 1952 వరుసలో ఒకటో నంబరు ఆండీ పాఫ్కో అనే మంచి ఆటగాడిదే గాని, కీర్తిమందిరంలో చోటు దక్కినవాడిది కాదు. అతడి కార్డు ఏ లోపమూ లేకుండా మిగిలిన ప్రతి ఒకటి 1998లో 83 వేలకు పైగా డాలర్లు పలకడానికి కారణం ఆ రబ్బరు బ్యాండే. ఇక పిల్లలు కాలేజీలకో, సైన్యానికో వెళ్లాక గదులు సర్దిన తల్లులు చెప్పుల పెట్టెలతో సహా కార్డులను చెత్తలో వేయడం అమెరికా కుటుంబాల్లో ఇంటింటి కథ.

ఈ కార్డుల చరిత్రలో ఒక పెద్ద ఖాళీ కూడా ఉంది. 1947లో జాకీ రాబిన్సన్ ప్రవేశించేదాకా, దశాబ్దాల పాటు నల్లజాతివారిని అగ్రశ్రేణి పోటీలైన మేజర్ లీగుల్లో ఆడనివ్వలేదు. వారు విడిగా నడుపుకున్న నీగ్రో లీగుల ఆటగాళ్లను అమెరికన్ గమ్, పొగాకు కంపెనీలు కార్డుల మీదికి దాదాపుగా తీసుకురాలేదు. బంతి విసరడంలో సాటిలేనివాడని పేరొందిన సాచెల్ పేజ్ నలభై దాటాక, మేజర్ లీగులో అడుగుపెట్టిన తరువాత, 1949 ప్రాంతంలో గాని బోమన్, లీఫ్ కార్డుల మీద కనిపించలేదు. మార్కెట్ మెచ్చుకునే అరుదుదనం అంతా అచ్చయి పోగొట్టుకున్నవాటి గురించినదే. అచ్చే కానివాటికి ధర కట్టే పద్ధతి దానికి తెలియదు.

1970ల నాటికి పెద్దవాళ్లు తమ బాల్యపు కార్డులను వెతుక్కోవడం మొదలైంది. గణాంకశాస్త్రం బోధించే ఆచార్యుడు జేమ్స్ బెకెట్, అమ్మకపు ధరలను దేశమంతటా సేకరించి 1979లో ధరల పుస్తకం వెలువరించాడు. 1984లో మాసపత్రిక పెట్టాడు. ప్రతి కార్డుకూ హెచ్చు ధర, తగ్గు ధర, పక్కన పెరిగిందో తగ్గిందో చూపే బాణం గుర్తు ఉన్న ఆ పత్రిక షేర్ల పేజీని తలపించేది. బర్డిక్ జాబితా ఏది ఏదో చెబితే, బెకెట్ పట్టిక ఏది ఎంతో చెప్పింది. 1980లో ఫ్లీర్ కంపెనీ వేసిన దావాలో టాప్స్ గుత్తాధిపత్యం చెల్లదని కోర్టు తీర్పు రావడంతో, 1981లో ఫ్లీర్, డాన్రస్ కంపెనీలు కూడా కార్డులు వేశాయి; 1989లో అప్పర్ డెక్ మెరిసే ఖరీదైన కార్డులతో వచ్చింది. తండ్రులు పెట్టెలకు పెట్టెలు కొని, విప్పకుండా పిల్లల చదువు ఖర్చుకని దాచారు. కంపెనీలూ అడిగినంత అచ్చువేశాయి. సేకర్తలు ఎగతాళిగా ‘చెత్త మైనపు కాలం’ అని పిలిచే ఈ దశలో (కార్డుల పొట్లం మైనపు కాగితంతో ఉండేది) అచ్చైన కార్డులు అసంఖ్యాకంగా, కొత్తవాటిలాగే మిగిలిపోయాయి. 1994 ఆగస్టులో ఆటగాళ్ల సమ్మె వల్ల ఆ ఏడాది తుది పోటీలైన వరల్డ్ సిరీస్ కూడా రద్దయ్యాక ఆ మార్కెట్ కుప్పకూలింది. పిల్లల ఆటవస్తువన్న ఆనవాలుగా మిగిలిన గమ్ ముక్కను టాప్స్ అంతకుముందే, 1992 నాటికే తీసేసింది. అది కార్డు మీద మరక వేస్తోందని కొనేవారు ఫిర్యాదు చేసే స్థితి వచ్చింది.

కొత్త కార్డుల మీద నమ్మకం సడలేకొద్దీ డబ్బు పాత కార్డుల వైపు, వాటిలోనూ చెక్కుచెదరనివాటి వైపు పోయింది. 1991లో డేవిడ్ హాల్ స్థాపించిన పీఎస్ఏ సంస్థ, అంతకుముందు పాత నాణేలకున్న పద్ధతిని అనుసరించి, కార్డుకు 1 నుంచి 10 వరకు అంకె వేసి, తెరవడానికి వీల్లేని ప్లాస్టిక్ పలకలో బిగించి ఇవ్వడం మొదలుపెట్టింది. దీనిని గ్రేడింగ్ అంటారు. నాలుగు మూలల పదును, అంచుల నునుపు, ఉపరితలం మీద గీతలు, మడతలు, బొమ్మ చుట్టూ ఉన్న తెల్లని అంచు నాలుగు వైపులా సమానంగా ఉందా లేదా అన్న ‘సెంటరింగ్’, వీటిని బట్టి అంకె పడుతుంది. 8కీ 9కీ మధ్య తేడా మామూలు కంటికి ఆనకపోయినా ధరలో కొన్ని రెట్లుంటుంది. 2022లో రికార్డు సృష్టించిన మాంటిల్ కార్డు, ఎస్‌జీసీ అనే మరో గ్రేడింగ్ సంస్థ 9.5 అంకె వేసినది. 1980ల మధ్యలో ‘మిస్టర్ మింట్’ అని తనను తాను పిలుచుకున్న వ్యాపారి అలన్ రోజెన్ మసాచుసెట్స్‌లో ఒక ఇంట్లో, ఎవరూ ముట్టకుండా ఉండిపోయిన 1952 కార్డులు వేల సంఖ్యలో కనుక్కున్నప్పుడు ఈ కార్డు బయటపడింది. 1991లో దానిని 50 వేల డాలర్లకు అమ్మారు.

పీఎస్ఏ మొట్టమొదట అంకె వేసిన కార్డు కథ ఈ వ్యవస్థకు పరీక్ష. బిల్ మాస్ట్రో అనే వ్యాపారి 1985లో ఒక టీ-206 వాగ్నర్ కార్డును 25 వేల డాలర్లకు కొని, రెండేళ్లలో 1,10,000 డాలర్లకు అమ్మాడు. 1991లో సదబీస్ వేలంలో దానిని హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, అతడి జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4,51,000 డాలర్లకు కొన్నారు. మిగిలిన వాగ్నర్ కార్డులన్నీ అరిగి, మడతలు పడి ఉండగా, దీని మూలలు కొత్త కత్తితో కోసినట్టుండేవి. పీఎస్ఏ దానికి 8 ఇచ్చింది. 2000లో అది 12 లక్షల 65 వేల డాలర్లకు, 2007లో 28 లక్షల డాలర్లకు చేతులు మారి, అరిజోనా డైమండ్‌బ్యాక్స్ జట్టు యజమాని కెన్ కెండ్రిక్‌ను చేరింది. అయితే ఎప్పటినుంచో వినిపిస్తున్న గుసగుస 2013లో షికాగో ఫెడరల్ కోర్టులో నిజమైంది: వేలాల్లో దొంగపాటల కేసులో నేరం ఒప్పుకున్న మాస్ట్రో, ఆ కార్డు అంచులను తానే కత్తిరించానని చెప్పాడు. 2015లో అతడికి 20 నెలల జైలుశిక్ష పడింది.

అంచు కత్తిరించిన కార్డుకు గ్రేడే ఇవ్వకూడదన్నది పీఎస్ఏ సొంత నియమం. ఆ కార్డు 2007 తరువాత వేలానికి రాలేదు కనుక ఆ ఒప్పుకోలుకు మార్కెట్ ఎంత ధర తగ్గిస్తుందో తేలలేదు. ఈలోగా, మూలలు గుండ్రంగా అరిగి 3 అంకె పడిన మరో వాగ్నర్ 2021 ఆగస్టులో 66 లక్షల డాలర్లు పలికింది. 2022లో 2 అంకె పడినది ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడైంది. సిగరెట్ కార్డులు కొనే అనుభవజ్ఞులు ఇప్పుడు మరీ పదునైన మూలలు కనిపిస్తే ముందు స్కేలు తీసి కొలతలు చూస్తారు. వాగ్నర్ విషయంలోనైతే ఎవరి జేబులోనో నలిగిన అంచే, దాని మీద కత్తి పడలేదనడానికి పనికొచ్చే సాక్ష్యం.